గడియ లేని తలుపు

జూలై 5, 1999, సోమవారం

ఈ రోజు వడ్రంగి వచ్చి మా అంతస్తులోని మూడు స్నానాల గదులకూ లోపలి గడియలు ఊడబీకి పోయాడు. స్క్రూలు ఒక్కటి కూడా వదలకుండా కాగితంలో పొట్లం కట్టుకుని మరీ పోయాడు, మహానుభావుడు.

పోయిన నెల చెన్నమ్మగారు స్నానాల గదిలో జారిపడ్డారు. గడియ తీయలేక, తలుపు పగలగొట్టేదాకా తడినేల మీదే పడి ఉన్నారు. నిజమే, నేను కాదనను. కానీ ఒకరు పడితే ఇరవై ముగ్గురు ఆడవాళ్లకు తలుపు లేకుండా చేస్తారా? వార్డెన్ ఏసురత్నంగారిని అడిగాను. "మీ క్షేమం కోసమేనండీ సిస్టర్‌గారూ. పైన అందరూ ఆడవాళ్లే కదండీ" అన్నారు. ఆడవాళ్లైతే మాత్రం? నేనేమైనా సంతలో బొమ్మనా?

ఫిలిప్ వాళ్ల ఆఫీసులో ఇచ్చిన ఈ డైరీ జనవరి నుంచి ఖాళీగా పడి ఉంది. దీన్ని ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. ఎనభై మూడులో నా ఎడమ రొమ్ము తీసేశారు. అప్పుడు నేను సిస్టర్‌గా పనిచేస్తున్న ఆస్పత్రిలో కూడా చెప్పకుండా, సెలవు పెట్టి మద్రాసు వెళ్లి చేయించుకున్నాను. రవికెలో గుడ్డ మడిచి కుట్టుకుంటాను. పదహారేళ్లుగా ఎవరికీ తెలియదు. పెంచుకున్న చెల్లెలి కొడుకు ఫిలిప్‌కు కూడా తెలియదు. నేను స్నానానికి వెళితే నా వెనక గడియ పడాలి. అంతకంటే నేను ఈ వృద్ధుల హోమ్‌ను ఏమీ అడగలేదు.

టవలు పట్టుకుని ఆ తలుపు దగ్గర ఎంతసేపు నిలబడ్డానో. నా గదిలో ఉండే బుచ్చమ్మ చూసింది. వంటింట్లోంచి పీట ఒకటి తెచ్చుకుని తలుపుకు వీపు ఆనించి కూర్చుంది.

"పో, పోస్కో. నేనుండంగ ఎవ్వడొస్తడో నేను జూస్త."

సిగ్గు పక్కన పెట్టి చెప్పాలంటే, లోపల ఏడ్చాను.

జూలై 7

స్నానం చేశాను. బుచ్చమ్మ కాపలా. తర్వాత ఆమె స్నానానికి నేను కాపలా. పీట నాకు చిన్నదై మోకాళ్లు పట్టేశాయి.

జూలై 9

టవలు లోపలికి తీసుకెళ్లడం మరిచిపోయాను. మరిచిపోవడం ఎక్కువైంది. బుచ్చమ్మ తలుపు సందులోంచి అందిస్తూ చూసేసింది. టవలు గుంజుకుని అడ్డం పెట్టుకున్నాను. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

రెండు రోజులకు ఒకసారి ఆ గుడ్డ ఉతికి, పెట్టె వెనక ఆరేసుకునేదాన్ని. ఈ రోజు దాన్ని ఆమే ఉతికి, తన చీర కింద కప్పి ఆరేసింది. "నీడకు ఎండితే వాసనొస్తది. గిట్లేస్తే ఎవ్వరికి కనవడది" అంది. అంతే. ఇక ఆ మాట ఎత్తలేదు.

జూలై 12, సోమవారం

మధ్యాహ్నం వంటమనిషి కమలమ్మ పొయ్యి మీది పప్పుగిన్నె దించమంది. బుచ్చమ్మ మసిగుడ్డ లేకుండా ఎడమచేత్తో పట్టుకుని దించి, మళ్లీ బెండకాయలు తరగడానికి కూర్చుంది. నేను గుమ్మంలో ఉన్నాను. ఆ గిన్నె పట్టుకుంటే మామూలు మనిషి కేక పెట్టాలి.

సాయంత్రానికి అరచేతిలో బొబ్బలు. ఆమెకు తెలియనే లేదు. గదిలో చేయి పట్టుకుని చూశాను. ఆ చేతి చివరి రెండు వేళ్లు వంకర. కంకర మిషన్‌లో పడ్డాయని అందరికీ చెబుతుంది. నేనూ నమ్మాను, ముప్ఫై నాలుగేళ్లు నర్సుగా చేసినదాన్ని! మోచేతి దగ్గర తడిమితే నరం తాడులా తగిలింది. ఇక అడగక్కర్లేకపోయింది.

"ఎప్పుడు బుచ్చమ్మా?"

చేయి లాక్కుని కొంగులో దాచుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "మా శేఖర్ పుట్టకముందే. దవాఖానల తెల్లగోలీలిచ్చిన్రు. ఆరేండ్లు మింగిన. పోయిందని కాగితం గూడ ఇచ్చిన్రు. ఎవరన్న జూస్తే ఎట్లని ఆ కాగితం నేనే చింపేసిన" అంది.

పెద్దరోగం. ఎప్పుడో నయమైపోయింది. ఎవరికీ అంటదు. ఆ మాటే చెప్పాను.

"నీకెరుక సిస్టరమ్మా. ఆళ్లకెరుకనా? కమలమ్మకు తెలిస్తే నన్ను వంటింట్లకు రానిస్తదా? వంటిల్లు పోతే గీ మంచం పోతది. మంచం పోతే నేనేడికి పోవాలె?"

ఆమె అన్నది అక్షరాలా నిజం. ఈ ఇల్లు కట్టేటప్పుడు ఇటుకలు మోసింది. తర్వాత ఊడ్చింది. ఓపిక తగ్గాక, కూరగాయలు తరిగినన్నాళ్లు ఇక్కడే ఉండమని ఈ హోమ్ పెట్టిన పెద్ద అయ్యగారు ఒక మంచం ఇచ్చారు. కొడుకు శేఖర్ హైటెక్ సిటీలో ఆ గుండ్రటి అద్దాల బిల్డింగు దగ్గర సెక్యూరిటీ గార్డు. కొత్తగూడలో ఒక అపార్టుమెంటు మెట్ల కింద గదిలో పెళ్లాం, ఇద్దరు పిల్లలతో ఉంటాడు. అక్కడ ఇంకో చాప పరిచే చోటు లేదు.

"ఎవ్వరికి చెప్పనని ఒట్టెయ్యి. నీ దేవుని మీద ఒట్టెయ్యి."

"మేము ఒట్లు పెట్టుకోం బుచ్చమ్మా. మాట ఇచ్చానంటే ఇచ్చినట్టే" అన్నాను.

జూలై 17, శనివారం

హోమ్‌కు కంప్యూటర్ వచ్చింది. ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు వాళ్లు తమ పాతది ఇచ్చారు. ఏసురత్నంగారు దానికి పూలదండ వేసి, ప్రార్థన చేసి, తన గదిలో పెట్టించారు. వాళ్లలో సంధ్య అని ఒక అమ్మాయి ఉంది, చలాకీ పిల్ల. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు మరిచిపోతాయట. అలా మరిచిపోకుండా సరిచేయడం తన ఉద్యోగమని చెప్పింది. మేమందరం నోళ్లు వెళ్లబెట్టి విన్నాం.

ఇక్కడున్న ప్రతి ఒక్కరి పేరు, వయసు, జబ్బు అందులోకి ఎక్కిస్తారట. "డాక్టర్‌గారు వచ్చినప్పుడు ఒక్క బటన్ నొక్కితే చాలు అమ్మమ్మగారూ, హిస్టరీ మొత్తం వచ్చేస్తుంది" అంది. జబ్బుల గడి నింపే పని ఏసురత్నంగారు నాకు అప్పజెప్పారు. "మీకంటే తెలిసినవాళ్లు ఇక్కడెవరున్నారండీ!"

ఈ హోమ్‌కు వచ్చి రెండేళ్లయింది. ఇన్నాళ్లకు ఒకరు నన్ను పని అడిగారు. గర్వంగా ఉంది. ఉండకూడదా?

జూలై 18

ప్రార్థన అయ్యాక భోజనాల గదిలో కాగితాలు పెట్టుకుని ఒక్కొక్కరినీ అడిగి రాశాను. కింది అంతస్తు నరసింహమూర్తిగారు తన మలబద్ధకం గురించి పావుగంట చెప్పారు. బుచ్చమ్మ వంతు వచ్చింది. "మోకాళ్ల నొప్పులని రాస్కో" అని అందరికీ వినపడేలా అంది. ఆమెకు చదువు రాదు. నా కలం కదిలినంతసేపు దాన్నే చూసింది. అప్పుడు నేను మోకాళ్ల నొప్పులనే రాశాను.

జూలై 20, మంగళవారం

కాగితాలు పూర్తి చేశాను. నలభై ఒక్క మంది.

బుచ్చమ్మ వరుస దగ్గర రెండు రోజులు ఆగాను. ఆ చేతికి స్పర్శ లేదని డాక్టరుకు తెలియకపోతే రేపు కాలినా, తెగినా, చీము పట్టినా ఎవరు చూస్తారు? నేను లేనినాడు? తప్పు చార్టు వల్ల మనుషులు పోవడం నేను చూశాను. నా వార్డులో ఏ చార్టూ అబద్ధం చెప్పలేదు. అందుకే రాశాను. అది కూడా ఇంగ్లీషులో, డాక్టర్ల మాటలో. లెప్రసీ అని రాయలేదు. హాన్సెన్స్, నయమైంది, ఎడమచేతికి స్పర్శ లేదు అని రాశాను. హాన్సెన్స్ అంటే ఏమిటో ఇక్కడ ఎవరికి తెలుసు? డాక్టరుకు చెప్పడం ఒకరికి చెప్పడం కిందికి రాదు.

నా వరుసలో బి.పి. అని రాశాను.

జూలై 21

స్నానం చేశాను. బుచ్చమ్మ బయట కూర్చుని, వరినాట్లప్పటి పాట ఏదో కూనిరాగం తీసింది. బొబ్బలు మానుతున్నాయి.

జూలై 24, శనివారం

కాగితాలు సంధ్యకు ఇచ్చాను. "ఎంత నీట్‌గా రాశారు అమ్మమ్మగారూ!" అంది.

డాక్టరు మాత్రమే చూస్తారు కదా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. అది అడగాల్సిన విషయమా? అందరికీ తెలిసిందే కదా.

జూలై 31, శనివారం

ఎలా రాయను?

రేపు దాతలు వస్తున్నారని భోజనాల గది కడిగించారు. మధ్యాహ్నం మేము అన్నానికి వెళ్లేసరికి గోడ మీది బోర్డుకు పొడవాటి కాగితం వేలాడుతోంది, పక్కల చిల్లులున్న కంప్యూటర్ కాగితం. అందరి పేర్లూ, అందరి జబ్బులూ. ఏసురత్నంగారు దాని పక్కన నిలబడి, "దాతలు చూస్తే మన అవసరాలేమిటో తెలుస్తాయి కదండీ" అని మురిసిపోతున్నారు.

నరసింహమూర్తిగారు కళ్లద్దాలు పెట్టుకుని పైనుంచి చదవడం మొదలుపెట్టారు. ఆయనకు గొంతు తగ్గించడం రాదు. ఎవరికి మూత్రం ఆగదో, ఎవరికి మతి తప్పుతోందో, అన్నీ ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పారు. మొదట నవ్వులు. చెన్నమ్మగారు కొంగు ముఖం మీదికి లాక్కున్నారు. నేను బోర్డు వైపు నడవబోయాను.

"బుచ్చమ్మ. మోకాళ్ల నొప్పులు. లెప్రసీ. అంటే... కుష్టు!"

లెప్రసీ. నేను ఆ మాట రాయలేదు. పక్కనే ఉన్న సంధ్య నా చెవిలో, "హాన్సెన్స్ అంటే మాకు తెలియలేదు అమ్మమ్మగారూ, మా ఫ్రెండ్ డాక్టర్‌ని అడిగి అందరికీ అర్థమయ్యేలా మార్చాం" అంది. మంచిపని చేసినట్టే చెప్పింది. నయమైంది అన్న మాట గడిలో పట్టలేదట.

బుచ్చమ్మ చేతిలో కూరగిన్నె ఉంది. దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, చేతులు కొంగులో చుట్టుకుని బయటికి వెళ్లింది. ఆ కూర ఎవరూ వడ్డించుకోలేదు.

ఆగస్టు 1

కమలమ్మ వంటిల్లంతా ఫినాయిల్ పోసి కడిగింది. కత్తిపీట బయట పారేసింది. "ఇన్నొద్దులు ఆమె చేతి కూరే తింటిమి గదా, నా పిల్లలకేమన్న అయితే ఎవరు జిమ్మా?" అని నన్ను అడిగింది. ఏమీ కాదు కమలమ్మా, నేను నర్సును, చెబుతున్నాను కదా అన్నాను. "నువ్వు మంచిదానివమ్మా, అందుకే గట్లంటవ్" అంది.

బుచ్చమ్మకు వేరే పళ్లెం, వేరే గ్లాసు. పళ్లెం అడుగున ఎర్రరంగు పూశారు.

ఆగస్టు 3, మంగళవారం

ఏసురత్నంగారి దగ్గరికి వెళ్లి గట్టిగానే మాట్లాడాను. జబ్బులు గోడకెక్కించే హక్కు మీకెవరిచ్చారు అన్నాను. ఆయన తలపట్టుకున్నారు. చెడ్డమనిషి కాదు, అదే బాధ.

"తీసేయించానండీ సిస్టర్‌గారూ, ఆదివారమే తీసేయించాను. కానీ చదివేశారు కదండీ అందరూ. దాతలకు కూడా తలొక కాపీ వెళ్లిపోయింది. ఇప్పుడు నేనేం చేసేదండీ?" అని, బల్ల మీది కాగితాలు సర్దుతూ, "అయినా మీరు రాసిందే కదండీ" అన్నారు.

డాక్టరు కోసం రాశానన్నాను. "నాకు తెలియలేదండీ. అలాగని కాగితం మీద ఎక్కడా లేదు కదండీ" అన్నారు.

లేదు. నేను రాయలేదు.

ఆగస్టు 4

స్నానానికి వెళితే బుచ్చమ్మ పీట తెచ్చుకుంది. నేనే వద్దన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. "నేను ముట్టిన పీట గదా" అంది. అయ్యో, అందుకు కాదు! చేతులు పట్టుకున్నాను, రెండు చేతులూ. "అందుకు కాదే పిచ్చిదానా, నువ్వే కూర్చో, నువ్వే కూర్చోవాలి" అన్నాను. కూర్చుంది. ఇవాళ పాట లేదు.

తర్వాత గదిలో అడిగింది. "సిస్టరమ్మా, గా డబ్బకు ఎట్ల తెలిసిందంటవ్? నువ్వు మోకాళ్ల నొప్పులనే రాస్తివి. నేను జూస్తనే ఉంటి. అది లోపలిదాంక జూస్తదా?"

సంధ్య వాళ్లు అందులో అన్నీ ఉంటాయనీ, ఒక్క బటన్ నొక్కితే మనిషి హిస్టరీ మొత్తం వచ్చేస్తుందనీ అన్నారు కదా. బుచ్చమ్మ దాన్ని అలాగే అర్థం చేసుకుంది. కంప్యూటరే కనిపెట్టిందనుకుంటోంది.

చెప్పాలి. అప్పుడే చెప్పాలి. నోరు తెరిచాను కూడా.

"ఏమో బుచ్చమ్మా, నాకూ తెలియదు" అన్నాను.

ఆగస్టు 5

చెప్పలేదు.

ఆగస్టు 6

ఈ రోజూ చెప్పలేదు. ఆమెకిప్పుడు నేను తప్ప ఎవరూ లేరు. నేను కూడా లేకుండా పోతే ఎలా? ఆమె కోసమే చెప్పడం లేదు.

ఆగస్టు 7, శనివారం

సంధ్యను పట్టుకుని బుచ్చమ్మ వరుస తీసేయమన్నాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "మాకు ఇలా అవుతుందని తెలియదు అమ్మమ్మగారూ, సారీ" అంటూనే ఒక బటన్ నొక్కింది. ఆ మాట పోయింది, రెప్పపాటులో. "అంతేనా?" అన్నాను. "అంతే" అంది.

కంప్యూటర్లోంచి పోయింది. మనుషుల్లోంచి ఎలా తీస్తారని అడిగితే ఆ పిల్ల ఏం చెబుతుంది పాపం!

ఆగస్టు 11, బుధవారం

నరసింహమూర్తిగారు మేనేజిమెంటుకు అర్జీ రాశారు. బుచ్చమ్మను వేరే ఉంచాలి, లేదా పంపేయాలి. ముప్ఫై ఆరు సంతకాలు. నా దగ్గరికి తెస్తే చించేస్తానన్నాను. ఇది అంటేది కాదు, నలభై ఏళ్ల కిందటే నయమైంది, మీకంటే ఆమె రక్తమే శుభ్రంగా ఉంది అని కేకలు వేశాను. అందరూ విన్నారు.

ఆయన నా పక్కకు వచ్చి నెమ్మదిగా, "మీ మంచితనం నాకు తెలుసు సిస్టర్‌గారూ. బయటికి చెప్పలేక కాగితం మీద రాసి మమ్మల్ని కాపాడారు. మీ రుణం తీర్చుకోలేం" అన్నారు.

ఇంతకంటే ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆగస్టు 13

మేనేజిమెంటు నిర్ణయం వచ్చింది. పెరట్లో జనరేటర్ పక్కన సామాన్ల గదిలో ఉండవచ్చు, లేదంటే కొడుకు తీసుకెళ్లవచ్చు. వంటింటి పని లేదు. ఏసురత్నంగారు ఆ కాగితం బుచ్చమ్మకు చదివి వినిపించలేక నన్ను చదవమన్నారు. చదివాను.

"జనరేటర్ కాడ నిద్ర పట్టదు. శేఖర్‌కే ఫోన్ జెయ్యున్రి" అంది బుచ్చమ్మ.

ఆగస్టు 14, శనివారం

శేఖర్ డ్యూటీ బట్టల మీదే వచ్చాడు, టోపీ చంకలో పెట్టుకుని. తల్లికి ఆ జబ్బు ఉండేదని అతనికీ తెలియదట. గుమ్మం బయటే నిలబడి, "గింత కథ నాకు చెప్పకపోతివేందే అమ్మా" అన్నాడు. కోపం కాదు, ఏడుపు. మెట్ల కింది గది అపార్టుమెంటు వాళ్లది. వాళ్లకు తెలిస్తే అదీ పోతుంది. వాళ్లకు తెలియకూడదమ్మా అని నన్నే బతిమాలాడు.

బయలుదేరే ముందు బుచ్చమ్మ, "పొద్దుగాల నువ్వు స్నానం జెయ్యలే. చేసిరా పో, నేను కూసుంట" అంది. వద్దన్నా వినలేదు. కొడుకును ఆటో దగ్గర నిలబెట్టి, తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. నేను లోపల బకెట్టు ముందు నిలబడ్డాను. ఒక్క చెంబు పోసుకోలేదు. నీళ్లు మోరీలోకి పారబోస్తూ, స్నానం చేస్తున్న చప్పుడు చేశాను. తలుపు అవతల ఆమె ఉంది, ఇవతల నేనున్నాను. ముఖం కనపడదు కదా, ఇప్పుడైనా చెప్పవచ్చు కదా అనుకున్నాను.

"బుచ్చమ్మా."

"ఆ?"

"మోకాళ్లకు ఆ నూనె రాసుకో."

"సరే తీ."

బయటికి వచ్చాక, ఉతికి మడత పెట్టిన నా రవికె గుడ్డను నా చేతిలో పెట్టింది. "కొత్త సాలు రాంగనే గా డబ్బలు అన్నీ మర్చిపోతయట గదా, ఆ పిల్ల చెప్పె. అప్పుడు మళ్ల రానిస్తరేమో అడుగు జర" అంది. నేను తల ఊపాను. ఆ పిల్ల ఉద్యోగమే అవి మరిచిపోకుండా చూడటమని చెప్పలేదు.

ఆటో ఎక్కి, తల బయటపెట్టి, కొడుకు వినేలా అంది. "గీ ఇంట్ల నువ్వొక్కదానివే సిస్టరమ్మా, ఎవ్వరికి చెప్పకుంట కడుపుల పెట్టుకున్నవ్."

ఆటో కొత్తగూడ వైపు తిరిగేదాకా నిలబడ్డాను. చేయి ఊపాను. అవును, చేయి కూడా ఊపాను.

ఆగస్టు 17

స్నానం చేయలేదు.

ఆగస్టు 21, శనివారం

ఇక్కడైనా నిజం రాస్తాను. చార్టు అబద్ధం చెప్పకూడదని నలభై వరుసలు నిజం రాశాను. ఒక్క వరుసలో అబద్ధం రాశాను. బి.పి. అని. క్యాన్సర్ వచ్చినదాన్ని, ఆపరేషన్ అయినదాన్ని, నా గురించి డాక్టరుకు తెలియక్కర్లేదా? ఆ కాగితం డాక్టరు ఒక్కరే చూస్తారని నాకు నమ్మకం ఉంటే నా వరుస అలా రాసేదాన్నా? నాకు తెలుసు. రాస్తున్నప్పుడే తెలుసు. నాది దాచుకున్నాను, ఆమెది రాసిచ్చాను. నలుగురిలో నేను పెద్ద సిస్టర్‌ని అనిపించుకోవాలని రాసిచ్చాను.

సంధ్య వస్తే ఏసురత్నంగారి గదికి వెళ్లాను. "అమ్మా, నా వరుస తప్పుగా ఉంది. ఉన్నది చెబుతాను, ఎక్కించి గోడకు పెట్టు" అన్నాను. పదహారేళ్లుగా ఎవరికీ చెప్పని మాట నాలుక చివర ఉంది. చెబితే ఏమొస్తుంది? ఏమీ రాదు. అయినా చెప్పేసేదాన్నే.

"అక్కర్లేదు అమ్మమ్మగారూ, ఆ గొడవ తర్వాత జబ్బుల కాలమ్ మొత్తం తీసేశాం. ఇప్పుడు పేరు, వయసు, రూమ్ నంబర్ అంతే" అని తెర నా వైపు తిప్పి చూపించింది.

నా పేరు పక్కన రూమ్ నంబరు ఉంది. దాని కింద, బుచ్చమ్మ పేరు ఉండాల్సిన చోట, ఖాళీ అని ఉంది.

ఆగస్టు 23, సోమవారం

పీట అక్కడే ఉంది, స్నానాల గది బయట. కమలమ్మ దాన్ని ముట్టుకోదు. ఎవరూ తీయరు.

టవలు తీసుకుని వెళ్లాను. తలుపు దగ్గరికి వేసి, రెండు చేతులతో నొక్కి పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఒక చేయి తీస్తే గానీ రవికె విప్పుకోలేను. మళ్లీ గదికి వచ్చేశాను.

ఈ రోజూ స్నానం చేయలేదు.